మొదటి పుస్తకం ఎక్కడ ఆపుతుంది? యంగ్ అడల్ట్ అర్బన్ ఫాంటసీలో ఏ సిరీస్‌తో మొదలుపెట్టాలి

ఇంటర్ చదివే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, ఈ మధ్యే ఉద్యోగంలో చేరి మళ్లీ పుస్తకం పట్టుకోవాలనుకునేవాళ్లు, అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. ఇంగ్లీషులో ఫాంటసీ చదవాలనుంది, కానీ రాజులు, కోటలు, గుర్రాల మీద యుద్ధాలు వద్దు, ఇప్పటి కాలంలో ఇప్పటి ఊళ్లో జరిగే కథ కావాలి, ఏ సిరీస్‌తో మొదలుపెట్టమంటారు? అని. చాలామంది ఎక్కువ పేరున్న సిరీస్ ఏదో దాని పేరు చెప్పేస్తారు. నేను మాత్రం ముందు ఇంకో సంగతి చూడమంటాను. ఆ సిరీస్‌లో మొదటి పుస్తకం తన కథను తాను ముగిస్తుందా, మధ్యలో వదిలేసి రెండోది కొనుక్కోమంటుందా?

మనలాంటి పాఠకులకు ఇది చాలా ముఖ్యం. మొదటి పుస్తకం ఎలాగో ఒకలా దొరుకుతుంది. హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీదో, పుస్తక ప్రదర్శనలో పాత పుస్తకాల స్టాల్‌లోనో, స్నేహితురాలి అల్మారాలోనో కనబడుతుంది. రెండోది, మూడోది మనకు అందే ధరలో, కావలసినప్పుడు దొరుకుతాయన్న నమ్మకం లేదు. ఈలోపు పరీక్షలొస్తాయి. కొన్ని నెలల తర్వాత రెండో పుస్తకం చేతికొచ్చినా ఎవరు ఎవరో గుర్తుండదు. అక్కడితో సిరీస్ ఆగిపోతుంది. పాపం, చదివినవాళ్లు తమకు ఇంగ్లీషు నవలలు పడవనుకుంటారు. తప్పు వాళ్లది కాదు, ఎంపికది.

అర్బన్ ఫాంటసీ అన్న పేరు కొత్తగా అనిపించినా సంగతి మనకు పాతదే. ఇంద్రుడి కూతురు ఉంగరం పోగొట్టుకుని విశాఖపట్నంలో టూరిస్టు గైడుగా బతికే కుర్రాడి దగ్గరికి వచ్చే జగదేకవీరుడు అతిలోకసుందరి 1990లోనే చూశాం. దేవకన్య ఒకవైపు, వైజాగ్ వీధులూ అనాథ పిల్లల పెంపకం ఇంకోవైపు. యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళం చదివినవాళ్లకు, మామూలు కుటుంబం మీద చేతబడి పడితే భయం ఎంత దగ్గరగా తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఎరిగిన ఊళ్లో, ఎరిగిన వీధిలో ఎరగనిది జరగడం, అంతే ఈ రకం కథ.

దీనికి యంగ్ అడల్ట్ అన్న మాట తోడైతే కథానాయికకో నాయకుడికో పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య వయసుంటుంది. వాళ్లకు మాయాలోకం కనబడే రోజే ఇంట్లో పెద్దలు తమ దగ్గర ఏదో దాచారని కూడా తెలుస్తుంది. నేను కింద చెప్పబోయే పుస్తకాల్లో దాదాపు అన్నింటికీ ఇదే వెన్నెముక. అందుకే పోల్చి చూడటానికి నాకు ఇంతకంటే మంచి కొలత దొరకలేదు: ఇంట్లోవాళ్లు నా దగ్గర ఏం దాచారు అన్న ప్రశ్నకు మొదటి పుస్తకంలోనే జవాబు దొరుకుతుందా? దొరికిన తర్వాత కథ ఒక ఒడ్డుకు చేరుతుందా?

ఒకే బ్రూక్లిన్, రెండు పుస్తకాలు

ముందు అందరికీ తెలిసినదాని దగ్గరికి వెళ్దాం. కసాండ్రా క్లేర్ రాసిన సిటీ ఆఫ్ బోన్స్ 2007లో వచ్చింది. ద మోర్టల్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే ఆరు పుస్తకాల సిరీస్‌కు ఇది మొదలు. న్యూయార్క్ నగరంలో ఒక భాగమైన బ్రూక్లిన్‌లో తల్లితో ఉండే పదిహేనేళ్ల క్లేరీ ఫ్రే, స్నేహితుడు సైమన్‌తో కలిసి అదే నగరంలో ఒక క్లబ్బుకు వెళ్తుంది. అక్కడ ముగ్గురు టీనేజర్లు ఒకణ్ణి చంపడం కళ్లారా చూస్తుంది. ఆ ముగ్గురూ ఇంకెవరికీ కనబడటం లేదు. ఆ వెంటనే తల్లి మాయమవుతుంది. ఆ ముగ్గురూ షాడోహంటర్లు. దేవదూత రక్తం ఉన్న వంశం వాళ్లది. ఒంటి మీద గుర్తులు గీసుకుని శక్తి తెచ్చుకుంటారు, రాక్షసులను వేటాడతారు. వాళ్లుండే ఇన్‌స్టిట్యూట్ మామూలు మనుషులకు పాడుబడ్డ చర్చిలా కనబడుతుంది. క్లేరీకి చిన్నప్పటి జ్ఞాపకాలు కొన్ని లేవు. తల్లే వాటిని మరుగుపరిపించింది. ఎందుకన్నదే కథ.

ఈ పుస్తకం బలం వేగం. దాదాపు 500 పేజీలున్నా ప్రతి అధ్యాయం చివర ఏదో ఒక కొక్కెం ఉంటుంది, అర్ధరాత్రి దాటినా దీపం ఆర్పబుద్ధి కాదు. సంభాషణలు ఎక్కువ, వాక్యాలు సులువు. ఇంగ్లీషులో పెద్ద నవల ఎప్పుడూ పూర్తి చేయని పాఠకులకు ఇది చాలా పెద్ద వరం. ఎలాంటి శక్తులూ లేకపోయినా స్నేహితురాలిని వదలని సైమన్, పార్టీలిచ్చే మాంత్రికుడు మాగ్నస్ బేన్, ఈ ఇద్దరూ ఆ ముగ్గురు షాడోహంటర్లలో ఒకడైన కథానాయకుడు జేస్ కంటే నాకు ఎక్కువ నచ్చారు. జేస్ ప్రతి మాటకూ ఎదుటివాళ్లను చులకన చేస్తాడు. పదహారేళ్లప్పుడు అది హీరోయిజంలా అనిపిస్తుంది, కొంత వయసొచ్చాక చదివితే విసుగొస్తుంది.

నాకున్న పెద్ద అభ్యంతరం ఊరి విషయంలో. కథ న్యూయార్క్‌లోనే జరుగుతుంది. పాడుబడ్డ హోటల్, పాతకాలపు మశూచి ఆసుపత్రి శిథిలం, నేల కింద ఎముకల నగరం, అన్నీ కళ్లకు కట్టేలా రాసింది. కానీ ఆ ఊళ్లో ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు, కిరాణా కొట్టు నడిపేవాళ్లు, పక్కింటివాళ్లు కథకు దాదాపు అక్కర్లేదు. ఊరు సెట్టింగులా వెనక నిలబడుతుంది. శక్తి కూడా వంశం నుంచి వచ్చేదే. పుట్టుకతో ఉన్నవాళ్లకు ఉంటుంది, లేనివాళ్లకు లేదు.

ఇక ముగింపు. తల్లి రహస్యం చాలావరకు బయటపడుతుంది, కానీ అసలు విలన్ చేతికి చిక్కడు. చివర్లో క్లేరీ, జేస్‌ల మధ్య బంధాన్ని తలకిందులు చేసే మలుపొకటి వస్తుంది. కథ విప్పను గానీ, ఆ మలుపు చాలామందిని ఇబ్బంది పెడుతుంది, అది తేలాలంటే ముందుకు చదవాల్సిందే. మొదటి విలన్ కథ పూర్తయ్యేది 2009లో వచ్చిన మూడో పుస్తకం సిటీ ఆఫ్ గ్లాస్‌లో. కాబట్టి సిటీ ఆఫ్ బోన్స్ పట్టుకోవడమంటే మూడు పుస్తకాలకు సిద్ధపడటమే. మూడూ ఒకేసారి దొరికితే మొదలుపెట్టండి, మూడోదాని దగ్గర హాయిగా ఆగొచ్చు. 2011 నుంచి 2014 దాకా వచ్చిన తర్వాతి మూడింటినీ ఇష్టమైతే చదవొచ్చు, చదవకపోయినా లోటు లేదు.

అదే బ్రూక్లిన్‌లో, పూర్తిగా వేరే కళ్లతో చూసిన కథ డేనియల్ హోసే ఓల్డర్ రాసిన షాడోషేపర్. 2015లో వచ్చింది. నన్ను ఒక్క పుస్తకమే చెప్పమంటే నేను చెప్పేది ఇదే.

సియెర్రా సాంటియాగోది ప్యూర్టో రికో నుంచి వచ్చిన కుటుంబం. వేసవి సెలవుల్లో తమ పేటలో పాడుబడిన ఒక ఎత్తైన భవనం గోడ మీద పెద్ద డ్రాగన్ బొమ్మ వేస్తుంటుంది. పక్క గోడల మీద ఎన్నేళ్ల నుంచో ఉన్న బొమ్మలు వెలిసిపోతున్నాయి, అదీ ఉన్నట్టుండి, చాలా తొందరగా. ఒక బొమ్మలోని ముసలాయన కంట నీరు కదులుతుంది. పక్షవాతం వచ్చి మాట సరిగా రాని తాత, క్షమించు అని గొణుగుతూ, గోడ బొమ్మ త్వరగా పూర్తి చేయమంటాడు. సెలవుల్లో మొదటి పార్టీకి వెళ్తే అక్కడికి నడిచే శవం ఒకటి వస్తుంది. చచ్చిపోయినవాళ్ల ఆత్మలను బొమ్మల్లోకి, సంగీతంలోకి, కథల్లోకి దింపి వాటికి ప్రాణం పోసే విద్య తమ కుటుంబానిదేనని సియెర్రాకు మెల్లగా తెలుస్తుంది.

ఆ విద్యను ఆమెకు ఎందుకు చెప్పలేదు? ఆడపిల్ల కాబట్టి. తాత ఆ నిర్ణయం తీసుకున్నాడు, తల్లి నోరు విప్పలేదు. ఇంట్లో కొడుకులకు తెలిసిన ఆస్తి లెక్కలు కూతుళ్లకు చెప్పని ఇళ్లు మనకు తెలుసు, ఆ కోపం మన అమ్మాయిలకు వెంటనే అర్థమవుతుంది. ఇంకో సంగతి. సియెర్రా బంధువు రోసా, నల్లటి కుర్రాడితో తిరుగుతోందని అమ్మాయిని ఈసడిస్తుంది. సియెర్రా తన జుట్టు, తన ఒంటి రంగు గురించి అద్దం ముందు నిలబడి తనతో తాను తేల్చుకునే చోటు ఉంది. పెళ్లిచూపుల దగ్గర్నుంచి ఫెయిర్‌నెస్ క్రీముల దాకా రంగు మాటలు వింటూ పెరిగినవాళ్లు ఆ పేజీలను మామూలుగా తిప్పేయలేరు. ఫాంటసీ నవలలో ఇంత సూటిగా ఆ మాట ఎత్తినవాళ్లు తక్కువ.

ఇక్కడ ఊరు వెనక నిలబడే సెట్టింగు కాదు. డబ్బున్నవాళ్లు వచ్చి చేరుతుంటే అద్దెలు పెరిగి పాతవాళ్లు ఖాళీ చేసి పోతున్న పేట అది. తెలిసిన సెలూన్ ఉన్నచోట ఖరీదైన కాఫీ షాపులు వెలుస్తాయి. గోడ బొమ్మలు చెరిగిపోవడం, పేట మనుషులు చెరిగిపోవడం రెండూ ఒకే కథ. విలన్ కూడా అందుకు తగ్గవాడే. ఆ సంస్కృతి మీద పరిశోధన చేస్తానని లోపలికి వచ్చి, వాళ్ల విద్యనే తన సొంతం చేసుకోవాలనుకున్న యూనివర్సిటీ ప్రొఫెసర్. ఇది నాకు ఏ రాక్షసుడి కంటే ఎక్కువ భయం కలిగించింది, ఎందుకంటే ఇది బయట కూడా జరుగుతుంది.

షాడోషేపర్ 300 పేజీల లోపు పుస్తకం. కథ ముగుస్తుంది. పెద్దలు దాచిందేమిటో, ఎందుకు దాచారో తెలుస్తుంది, విలన్ సంగతి తేలుతుంది, సియెర్రా తన స్థానం తీసుకుంటుంది. 2017లో, 2020లో మరో రెండు వచ్చాయి, కానీ మొదటిది చదివి ఆగినా ఏదో వెలితి ఉండదు. లోపం లేదని కాదు. మాయ ఎలా పనిచేస్తుందో కొన్నిచోట్ల హడావిడిగా చెప్పేస్తాడు, కొట్లాటల్లో ఎవరు ఎటున్నారో తికమకగా ఉంటుంది. మధ్యమధ్యలో స్పానిష్ మాటలు వస్తాయి, అర్థాలు వెతక్కుండా చదువుకుంటూ పోండి, సందర్భమే చెబుతుంది. మన పిల్లలు తెలుగులో ఇంగ్లీషు కలిపి మాట్లాడుకున్నట్టే వాళ్లూ మాట్లాడుకుంటారు.

నైజీరియాలో, అబా అనే ఊళ్లో

న్నెడి ఒకొరాఫర్ రాసిన అకాటా విచ్ 2011 నాటిది. అమెరికాలో పుట్టి, తొమ్మిదేళ్లప్పుడు అమ్మానాన్నల సొంత దేశం నైజీరియాకు తిరిగొచ్చిన సన్నీకి పన్నెండేళ్లు. ఒంటికి రంగునిచ్చే పదార్థం పుట్టుకతోనే లేదు, అందుకని ఎండలోకి వెళ్లలేదు. ఫుట్‌బాల్ అంటే ప్రాణం, కానీ పగటిపూట ఆడలేదు. కరెంటు పోయిన ఒక రాత్రి కొవ్వొత్తి మంటలోకి చూస్తూ ఉంటే అందులో లోకం తగలబడిపోవడం కనిపిస్తుంది. ఎన్నారై ఇళ్లలో అమెరికా నుంచి తిరిగొచ్చిన పిల్లలను చూసినవాళ్లకు సన్నీ అవస్థ కొత్త కాదు. అక్కడ ఇక్కడి పిల్ల, ఇక్కడ అక్కడి పిల్ల.

మాయ తెలిసినవాళ్లను ఈ కథలో లెపర్డ్ పీపుల్ అంటారు. వాళ్ల లోకంలో ఒక ఏర్పాటు నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఏదైనా కొత్త విషయం నిజంగా నేర్చుకున్నప్పుడల్లా గాల్లోంచి లోహపు నాణేలు కాళ్ల దగ్గర రాలతాయి. అదే వాళ్ల డబ్బు. అందులోనూ రాగివి అన్నిటికంటే విలువైనవి, బంగారానివి తక్కువ. అంటే ఆ లోకంలో సంపాదించాలంటే ఒకటే దారి, నేర్చుకోవడం. దొంగిలించి కాదు, వారసత్వంగా కాదు. ర్యాంకుల కోసం నేర్చుకునే పిల్లల చేతికి ఈ పుస్తకం ఇవ్వాలనిపిస్తుంది.

లోపం అనుకున్నదే శక్తి అవడం ఈ పుస్తకంలో మరో పెద్ద సంగతి. సన్నీ ఒంటి రంగు, అక్షరాలు సరిగా కుదరని స్నేహితుడు ఓర్లూ చదువు ఇబ్బంది, రెండూ వాళ్ల విద్యకు మూలాలు. అమెరికాలో గొడవలు పడి నైజీరియాకు పంపబడ్డ సాషా, పక్కింటి చీచీ, ఈ నలుగురి స్నేహమే కథకు ప్రాణం. కథ మధ్య భాగం నెమ్మది. మార్కెట్లు, గ్రంథాలయం, ఫుట్‌బాల్ పోటీ, పాఠాల మీద పాఠాలు. విలన్ చాలాసేపు దూరంగానే ఉండి చివర్లో తొందరగా ముగిసిపోతాడు. వేగం కోసం చదివేవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు. నాకు ఆ నెమ్మదే నచ్చింది, ఎందుకంటే ఊరు అందులోనే ఉంది.

ముగింపు విషయానికొస్తే, పిల్లలను చంపుతున్న హంతకుడి కథ ఇందులోనే పూర్తవుతుంది. అమ్మమ్మ గురించి ఇంట్లో దాచిన నిజం కూడా తెలుస్తుంది. అయితే మొదట్లో కొవ్వొత్తిలో కనబడిన ప్రమాదం అలాగే ఉంటుంది, దాని కోసం 2017లో అకాటా వారియర్, 2022లో అకాటా వుమన్ వచ్చాయి. అంటే ఆగొచ్చు, కొనసాగొచ్చు, పాఠకుడి ఇష్టం. కొనేముందు ఒక జాగ్రత్త: ఇదే నవల నైజీరియా, బ్రిటన్‌లలో వాట్ సన్నీ సా ఇన్ ద ఫ్లేమ్స్ అన్న వేరే పేరుతో వచ్చింది. రెండూ వేర్వేరు పుస్తకాలనుకుని కొనేయకండి.

ప్రాగ్ మంచులో

లైనీ టేలర్ రాసిన డాటర్ ఆఫ్ స్మోక్ అండ్ బోన్ కూడా 2011దే. వాక్యం అందం విషయంలో ఈ జాబితాలో దీనికి సాటి లేదు. పదిహేడేళ్ల కరూ చెక్ దేశపు రాజధాని ప్రాగ్‌లో బొమ్మల చదువు చదువుతుంటుంది, జుట్టు నీలం. ఆమెను పెంచింది మనుషులు కాదు. బ్రిమ్‌స్టోన్ అనే వింత జీవి. అతని దుకాణం తలుపు తెరిస్తే ఒకసారి ప్రాగ్, ఒకసారి మరాకేష్, ఒకసారి పారిస్. అతని కోసం ఊరూరా తిరిగి పళ్లు పోగుచేసి తేవడం ఆమె పని. మనుషులవి, జంతువులవి. ఆ పళ్లతో ఏం చేస్తాడో అతను చెప్పడు. బదులుగా ఇచ్చేది కోరికలు, చిల్లర దగ్గర్నుంచి పెద్ద నోట్ల దాకా ఉన్నట్టు వాటిలోనూ చిన్నవి, పెద్దవి. అందులో ఒక రకానికి లక్నో అని పేరు, చదువుతూ అక్కడ ఒక్క క్షణం ఆగిపోతాం.

మొదటి సగం నిజంగా అద్భుతం. పాత వీధులు, మంచు, శవపేటికలను బల్లలుగా వాడే కేఫ్, పొట్టిదే అయినా నోరు గట్టి స్నేహితురాలు జుజానా. ఆ తర్వాత కథ ఊరు వదిలేసి వేరే లోకంలో, గతంలో జరిగిన యుద్ధంలోకి, ప్రేమలోకి వెళ్లిపోతుంది. ఊరి కోసం వచ్చిన పాఠకుడు అక్కడ కాస్త మోసపోయినట్టు ఫీలవుతాడు. ప్రేమకథ కోసం వచ్చినవాళ్లకు అసలు పుస్తకం అక్కడే మొదలవుతుంది.

నా కొలతకు ఇది ఇబ్బంది పెట్టిన పుస్తకం. నేనెవరు అన్న కరూ ప్రశ్నకు పూర్తి జవాబు, కళ్లు చెమర్చే జవాబు, ఇందులోనే ఉంది. కానీ ఆ జవాబుతోనే గుండె పగిలే కబురొకటి వచ్చి కథ అక్కడ ఆగుతుంది. రెండోది 2012లో, మూడోది 2014లో వచ్చి పూర్తయ్యాయి. మూడు పుస్తకాలూ చేతిలో లేకుండా దీన్ని మొదలుపెట్టొద్దని గట్టిగా చెబుతాను. భాష కూడా బరువైనదే. ఇంగ్లీషు కథలు బాగా అలవాటున్నవాళ్లకు పండగ, కొత్తవాళ్లకు టెన్షన్.

మ్యాగీ స్టీఫ్‌వాటర్ రాసిన ద రేవెన్ బాయ్స్ గురించి ఎక్కువ చెప్పను. 2012 పుస్తకం, వర్జీనియాలో ఒక చిన్న ఊరు, జోస్యం చెప్పే ఆడవాళ్ల ఇల్లు, తాను ముద్దు పెడితే ప్రేమించినవాడు చనిపోతాడని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగిన బ్లూ, పూర్వకాలపు వేల్స్ రాజు సమాధి కోసం వెతికే ధనవంతుల బడి కుర్రాళ్లు. మనుషుల మధ్య మౌనాన్ని ఇంత బాగా రాసినవాళ్లు ఈ రకంలో తక్కువ. కానీ అది పట్నం కథ కాదు, నాలుగు పుస్తకాల ప్రయాణం, మొదటిది చివరికొచ్చేసరికి ఒక రహస్యం విడుతుంది, అసలు వెతుకులాట ఇంకా మొదట్లోనే ఉంటుంది. మొదటి సిరీస్‌గా వద్దు. రెండోదిగా తప్పకుండా చదవండి.

పన్నెండేళ్ల లోపు పిల్లలైతే

వాళ్లకు పైవాటిలో అకాటా విచ్ ఒక్కటే సరిపోవచ్చు, అదీ భయపడని పిల్లలకు. మిగతావాళ్లకు యంగ్ అడల్ట్ కంటే ఒక మెట్టు కింద ఉండే పుస్తకాలు ఇవ్వాలి. రిక్ రియోర్డన్ 2005లో రాసిన ద లైట్నింగ్ థీఫ్‌ను మించి సులువుగా చదివించే పుస్తకం దొరకడం కష్టం. న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ పైన గ్రీకు దేవతలు, కింద బడిలో చదువు రాక తిట్లు తినే పన్నెండేళ్ల పెర్సీ. ఆ పుస్తకం తన సాహసాన్ని తాను ముగిస్తుంది.

అమెరికాలో ఉన్న తెలుగు ఇళ్లకు మాత్రం రోషనీ చోక్షీ రాసిన ఆరు షా అండ్ ది ఎండ్ ఆఫ్ టైమ్ దగ్గరగా తగులుతుంది. 2018లో వచ్చింది. అట్లాంటాలో తల్లి నడిపే భారతీయ కళల మ్యూజియంలో ఉండే ఆరు అనే అమ్మాయి, క్లాస్‌మేట్ల ముందు గొప్ప కోసం వెలిగించకూడని దీపాన్ని వెలిగిస్తుంది, కాలం ఆగిపోతుంది. తాను అర్జునుడి ఆత్మతో పుట్టిన పిల్లనని తెలుస్తుంది. అమ్మమ్మ చెప్పిన భారతం తెలిసిన పిల్లలు ప్రతి పేజీలో ఆగి, ఇది మన కథలో ఇలా లేదుగా అని వాదిస్తారు. వాదించనివ్వండి. భారతం గురించి పిల్లలు వాళ్లంతట వాళ్లు ప్రశ్నలు వేసే అవకాశం ఊరికే రాదు.

అమ్మానాన్నలు అడిగేవి

మా పిల్లకు ఇవ్వొచ్చా అని అడిగేవాళ్లకు సూటిగా చెబుతాను. సిటీ ఆఫ్ బోన్స్‌లో రక్తపాతం ఉంది, ప్రేమ ముద్దుల దాకానే ఉంటుంది, ఇబ్బంది ఆ చివరి మలుపుతోనే. డాటర్ ఆఫ్ స్మోక్ అండ్ బోన్ పదహారు దాటినవాళ్లకు. మొదటి పేజీల్లోనే పాత ప్రియుడి గొడవ, చిత్రకళ తరగతిలో నగ్నంగా నిలబడే మోడల్ ఉంటారు. అకాటా విచ్‌లో ప్రేమ దాదాపు లేదు, కానీ పిల్లలను చంపే హంతకుడు ఉన్నాడు, బడిలో బెత్తం దెబ్బలున్నాయి, తండ్రి కూతురితో ప్రేమగా ఉండడు. షాడోషేపర్‌లో వీధిలో మగాళ్లు అమ్మాయిల వెంటపడి మాట్లాడే మాటలు, పోలీసుల భయం, శవాలు ఉన్నాయి. అయితే నన్నడిగితే పదమూడు దాటిన పిల్లలు ఇవన్నీ ఏదో ఒక రూపంలో చూసే ఉంటారు. పుస్తకంలో చదివితే కనీసం ఇంట్లో మాట్లాడుకోవడానికి వీలుంటుంది. వీలైతే మీరూ చదవండి.

భాష ఎంత కష్టమో తెలుసుకోవడానికి ఫోన్‌లో ఉచిత శాంపిల్ దొరుకుతుంది, లేదా షాపులోనే నిలబడి మొదటి పది పేజీలు చదవండి. పేజీకి ఒకటి రెండు మాటలు తెలియకపోతే ఫర్వాలేదు. పేరా మొత్తం రెండోసారి చదవాల్సి వస్తుంటే ఆ పుస్తకం ఇప్పటికి పక్కన పెట్టండి. ఈ కొలతతో చూస్తే సిటీ ఆఫ్ బోన్స్, అకాటా విచ్ అన్నిటికంటే సులువు, షాడోషేపర్ కొంచెం అలవాటు పడాలి, డాటర్ ఆఫ్ స్మోక్ అండ్ బోన్, ద రేవెన్ బాయ్స్ కష్టం.

అన్నీ కలిపి చూసి నేను ఇలా ఎంచుతాను. ఒకే పుస్తకం కొనగలిగితే, రెండోది ఎప్పుడో తెలియకపోతే, షాడోషేపర్. పిల్ల వయసు పన్నెండు, పదమూడైతే, లేదా ఇంటికి దూరంగా కొత్త ఊళ్లో కొత్త బడిలో చేరి ఒంటరిగా ఉంటే, అకాటా విచ్. సెలవులు మొత్తం ఖాళీగా ఉండి, మొదటి మూడు భాగాలూ ఎవరైనా ఇస్తానంటే, సిటీ ఆఫ్ బోన్స్. ఇంగ్లీషు వచనం కోసమే చదివే డిగ్రీ విద్యార్థులకు, ప్రేమకథ బాధపెట్టినా ఫర్వాలేదనుకునేవాళ్లకు, డాటర్ ఆఫ్ స్మోక్ అండ్ బోన్.

సిటీ ఆఫ్ బోన్స్ ఎంచుకున్నవాళ్లకు వచ్చే అనుమానం ఒకటుంది. అదే లోకంలో 1878 నాటి లండన్‌లో జరిగే ముందు కథ క్లాక్‌వర్క్ ఏంజెల్ 2010లో వచ్చింది. కాలక్రమం ప్రకారం దాంతో మొదలుపెట్టాలా? అక్కర్లేదు. షాడోహంటర్ల లోకం మొదటిసారి పరిచయమయ్యేది సిటీ ఆఫ్ బోన్స్‌లోనే, క్లేరీతో పాటు మనమూ నేర్చుకుంటాం. ముందు కథను మూడో పుస్తకం తర్వాత చదివితే పాత పేర్లు కనబడినప్పుడల్లా సంతోషంగా ఉంటుంది. 2013 నాటి సినిమా, 2016 నుంచి 2019 వరకు వచ్చిన షాడోహంటర్స్ టీవీ సిరీస్ పుస్తకాల తర్వాతే చూడండి. టీవీలో క్లేరీకి పద్దెనిమిదేళ్లు, కథ కూడా చాలాచోట్ల వేరే దారిన వెళ్తుంది, ముందు అది చూసేస్తే పుస్తకంలోని పదిహేనేళ్ల అమ్మాయి భయం, తొందరపాటు అర్థం కావు.